పేరు, తండ్రి పేరు, ఊరు

నేను భారత సైన్యంలో 26 ఏళ్లు పనిచేసి 2012లో నాయబ్ సుబేదార్‌గా పదవీ విరమణ పొందాను. అందులో మొదటి 15 ఏళ్లు సిగ్నల్స్ దళంలో రేడియో ఆపరేటర్‌గా గడిచాయి. మిగతా కాలంలో ఎక్కువ భాగం సైన్యం తరఫున పత్రికలకు, రేడియోకు, టీవీలకు సమాచారం అందించే విభాగాల్లో పనిచేశాను. మా ఊళ్లో పిల్లలు ఇప్పటికీ నన్ను యుద్ధం కథలు చెప్పమని అడుగుతారు. నాకు బాగా తెలిసింది వేరే కథ. సరిహద్దులో ఒక జవాను ప్రాణం పోతే ఆ కబురు ఏ దారిలో అతని ఇంటికి చేరుతుంది, ఏ దశలో ఆకాశవాణికీ పత్రికలకూ వెళ్తుంది, ఆ దారిలో ఒక్క మాట తప్పితే ఏమవుతుంది అన్నది నేను పని చేస్తూ, పొరపాటు చేస్తూ నేర్చుకున్నాను. ఆ పొరపాటును ఇన్నేళ్లూ కాగితం మీద పెట్టలేదు. సంబంధిత కుటుంబాల పేర్లు, ఊళ్ల పేర్లు ఇక్కడ కూడా రాయడం లేదు.

మాది దేవరకొండ దగ్గరి పల్లె. నా చిన్నతనంలో గ్రామపంచాయతీ ఆఫీసులో ఒక రేడియో, దాని మీద ఒక గొట్టం మైకు ఉండేవి. 1971 యుద్ధం రోజుల్లో వార్తల వేళకు ఊరంతా వేపచెట్టు కింద చేరేదని మా నాయన చెప్పేవాడు. అప్పుడు నాకు నాలుగేళ్లు. వార్తలు అయిపోయాక, చదువుకున్న ఒక్కాయన లేచి, విన్నదాన్ని మళ్లీ నిదానంగా చెప్పేవాడట, చెవి సరిగ్గా వినబడని ముసలివాళ్ల కోసం. విన్న మాటను మార్చకుండా, చేర్చకుండా ఇంకొకరికి అందించడం కూడా ఒక పనేనని నాకు మొదట తెలిసింది ఆయన గురించి విన్నప్పుడే.

1986లో సికింద్రాబాద్‌లో భర్తీ అయ్యి, శిక్షణ కోసం జబల్‌పూర్‌లోని సిగ్నల్ ట్రైనింగ్ సెంటర్‌కు వెళ్లాను. సిగ్నల్స్ దళం 1911 ఫిబ్రవరి 15న ఏర్పడింది. దాని నినాదం 'తీవ్ర చౌకస్', అంటే వేగంగా, జాగ్రత్తగా అని. వేగం తొందరగానే వచ్చింది, జాగ్రత్తకు ఏళ్లు పట్టింది. వైర్‌లెస్ సెట్టు మీద మాట్లాడే పద్ధతిని ఉస్తాదులు మాకు నెలల తరబడి రుద్ది రుద్ది నేర్పారు. అంకెలను ఒక్కొక్కటిగా పలకాలి. పేరు స్పష్టంగా వినపడదన్న అనుమానం ఉంటే అల్ఫా, బ్రావో, చార్లీ అంటూ ఒక్కో అక్షరమే చెప్పాలి. అవతలివాడు అందుకున్నదాన్ని తిరిగి చదివి వినిపించేదాకా సందేశం చేరినట్టు కాదు. ఎదుటివాడి మాట వినపడకపోతే 'సే అగైన్' అనాలి గానీ 'రిపీట్' అనకూడదు. ఎందుకంటే ఫిరంగి దళం భాషలో 'రిపీట్' అంటే అదే చోట మళ్లీ కాల్పులు జరపమని ఆదేశం. ఒక్క మాటకు రెండు అర్థాలుంటే మనుషుల ప్రాణాలు పోతాయని 19 ఏళ్ల వయసులో తెలుసుకోవడం నా మీద చాలా గట్టి ముద్ర వేసింది.

1999లో కార్గిల్ యుద్ధం జరిగినప్పుడు నేను ఉత్తరాదిలోనే సిగ్నల్స్ పని మీద ఉన్నాను. మన దేశంలో ఇళ్లలో టీవీ ముందు కూర్చుని చూసిన మొదటి యుద్ధం అది. ఢిల్లీలో రోజూ సైన్యం, వైమానిక దళం, విదేశాంగ శాఖ కలిసి విలేకరులకు వివరాలు చెప్పేవి. అంతకు ముందటి యుద్ధాల్లో చనిపోయిన వారి అంత్యక్రియలు చాలావరకు యుద్ధభూమి దగ్గరే జరిగిపోయేవి, ఇంటికి టెలిగ్రాం మాత్రమే వచ్చేది. కార్గిల్‌లో పార్థివదేహాలను సొంత ఊళ్లకు పంపారు. 527 మంది ప్రాణాలిచ్చిన ఆ యుద్ధంలో జెండా కప్పిన పెట్టెలు ఒక్కో పల్లెకు చేరుతుంటే, ఆ వార్త రాయడం, చెప్పడం, ఎవరికి ముందు చెప్పాలో తేల్చడం అన్నవి పెద్ద బాధ్యతలని సైన్యానికీ, పత్రికలకూ కూడా తెలిసివచ్చింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో ప్రజా సమాచార విభాగాలు బలపడ్డాయి. తెలుగు, హిందీ, ఇంగ్లిషు మూడూ రాయగలిగిన హవల్దార్ కావాలని వెతికినప్పుడు మా కమాండింగ్ ఆఫీసర్ నా పేరు పంపారు.

అక్కడ చేరిన కొత్తలో నాకు దొరికిన పెద్ద ఆసరా 'సైనిక్ సమాచార్'. 1909 జనవరి 2న 'ఫౌజీ అఖ్‌బార్' పేరుతో మొదలై, 1954లో పేరు మార్చుకుని, 13 భాషల్లో వెలువడిన పక్షపత్రిక అది. దాని తెలుగు సంచిక యూనిట్‌కు వచ్చినప్పుడు తెలుగు జవాన్లు చేతులు మార్చుకుంటూ చదివేవాళ్లు. నేను పెన్సిలు పట్టుకుని చదివేవాణ్ని. పరాక్రమ పతకాల వివరాలు తెలుగులో ఎలా రాస్తారు, ఏ మాటను అనువదిస్తారు, ఏ మాటను ఉన్నదున్నట్టు ఉంచుతారు అని ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. హవల్దార్, సుబేదార్, పల్టన్, లంగర్ వంటి మాటలు ఏ అనువాదమూ లేకుండా మన జవాన్ల ఇళ్లల్లో తెలుగే అయిపోయాయి. వాటిని సంస్కృతంలోకి మార్చబోయే కొత్తవాళ్లను తర్వాతి కాలంలో నేను ఆపేవాణ్ని.

ఇక అసలు విషయం. జవాను సైన్యంలో చేరిన రోజే తన దగ్గరి బంధువు ఎవరో, వారి చిరునామా ఏమిటో రాసి ఇస్తాడు. పెళ్లయినా, పిల్లలు పుట్టినా ఆ మార్పు 'పార్ట్ టూ ఆర్డర్' ద్వారా రికార్డుల్లోకి ఎక్కాలి. ప్రాణనష్టం జరిగినప్పుడు యూనిట్ నుంచి పైకార్యాలయాలకూ, ఆ రెజిమెంట్ రికార్డ్ ఆఫీసుకూ సందేశం వెళ్తుంది. అక్కడి రికార్డులతో పేరు, నంబరు, చిరునామా సరిచూస్తారు. యూనిట్ నుంచి ఇంటికి ఫోన్ చేస్తారు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారానో స్థానిక అధికారుల ద్వారానో మనిషిని ఇంటికి పంపుతారు. ఇంట్లో వాళ్లకు తెలిసిందన్న మాట తిరిగి వచ్చాకే పేరును పత్రికలకు ఇవ్వాలి. అప్పటిదాకా ఎవరడిగినా 'ఒక జవాను ప్రాణాలు కోల్పోయారు' అన్నంతవరకే. చెప్పడానికి ఇది నాలుగు వాక్యాల్లో అయిపోతుంది. జరిగేటప్పుడు మాత్రం అర్ధరాత్రి, మంచు, తెగిపోతున్న లైన్లు, అవతల గంట గంటకూ ఫోన్ చేసే విలేకరులు ఉంటారు.

2005లో నేను ఉత్తర కశ్మీర్‌లోని ఒక దళ ప్రధాన కార్యాలయంలో ఉన్నాను. ఒక తెల్లవారుజామున అడవిలో జరిగిన ఎదురుకాల్పుల్లో పాలమూరు జిల్లాకు చెందిన ఒక సిపాయి చనిపోయాడు. ఉదయం తొమ్మిది దాటాక ఇంటికి కబురు చేరిందని మాకు చెప్పారు. నిజానికి జిల్లా కేంద్రానికే చేరింది, ఇంకా ఊరికి చేరలేదు. ఆ తేడాను నేను అడిగి తేల్చుకోలేదు. పత్రికలకు ఇచ్చే ఇంగ్లిషు నోటు సిద్ధంగా ఉంది, తెలుగులోకి మార్చమన్నారు. నేను మార్చాను. అందులో ఉన్నది నాలుగు మాటలు: హోదా, పేరు, జిల్లా, రాష్ట్రం. తండ్రి పేరు లేదు, ఊరు లేదు, మండలం లేదు. పాలమూరు మా పక్క జిల్లా. ఆ ప్రాంతంలో ఒక్కో ఇంటిపేరుతో ఎన్ని కుటుంబాలున్నాయో, ఒకే పేరుగల మగపిల్లలు ఊరికి ఎంతమంది ఉంటారో, తిమ్మాపూర్‌లు, కొత్తపల్లెలు, రాంపూర్‌లు ఎన్నెన్ని ఉన్నాయో ఆ గదిలో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. అయినా నోటులో లేని దాన్ని అడగాలని నాకు తోచలేదు. వేగం ఉంది, జాగ్రత్త లేదు.

పది గంటల ప్రాంతంలో ఒక తెలుగు టీవీ చానల్ తెర కింద అక్షరాలు నడిపింది. అందులో ఆ సిపాయి పేరు ఉంది, దాని పక్కన ఒక ఊరి పేరు ఉంది. ఆ ఊరి పేరు మేమివ్వలేదు. ఎవరో స్థానికంగా విచారించి, అదే పేరు, అదే ఇంటిపేరుతో సైన్యంలో ఉన్న మరొక కుర్రవాడి ఊరిని చేర్చారు. ఇతను వేరే మండలం, వేరే రెజిమెంట్, అప్పుడు పంజాబ్‌లో ఉన్నాడు, క్షేమంగా ఉన్నాడు.

ఆ ఇంట్లో అప్పుడు తల్లి, ముసలి నాయనమ్మ మాత్రమే ఉన్నారు. తండ్రి మట్టిపనికి ముంబయి వెళ్లి ఉన్నాడు, పాలమూరు పల్లెల్లో అది మామూలే. ఊరంతా వాకిట్లో చేరింది. సర్పంచ్ ఎక్కడెక్కడో ప్రయత్నించి, ఎవరి ద్వారానో మా నంబరు సంపాదించి, మధ్యాహ్నం పన్నెండున్నరకు నాతో మాట్లాడాడు. "సారూ, పిలగాని శవం ఎప్పుడొస్తది? తండ్రికి టికెట్ జెయ్యాలె" అన్నాడు. తండ్రి పేరు అడిగాను, చెప్పాడు. నా ముందున్న కాగితంలో తండ్రి పేరు లేదు. రికార్డు తెప్పించి చూస్తే వేరే పేరు ఉంది. నా చేతులు చల్లబడ్డాయి.

అప్పటి నుంచి జరిగిన దానిలో నాకు పనికొచ్చింది పాత సిగ్నల్స్ విద్యే. మా ఎక్స్‌ఛేంజ్ నుంచి పైదానికి, దాని నుంచి మరో దానికి, ఒక్కో ఆపరేటర్‌నూ బతిమాలుతూ, పంజాబ్‌లోని ఆ కుర్రవాడి యూనిట్‌ను పట్టుకున్నాను. గార్డు డ్యూటీలో ఉన్నవాణ్ని పరుగున తీసుకొచ్చారు. అతనికి ఏం జరిగిందో చెప్పి, ముందు తల్లితో మాట్లాడమని, వేరే ఏదీ మాట్లాడవద్దని చెప్పాను. సర్పంచ్ ఫోన్‌కు కలిపి నేను లైన్లోనే ఉన్నాను. లైను తెగకుండా చూడాలి కాబట్టి వినక తప్పలేదు.

తల్లి ఆ గొంతును నమ్మలేదు. తనను ఊరడించడానికి ఎవరో మాట్లాడుతున్నారనుకుంది. కాసేపటికి అడిగింది: "నువ్వు నా కొడుకువే అయితే, నీ కుడి మోకాలి మీద మచ్చ ఎట్లయిందో జెప్పు." అతను ఏడుస్తూ, "నాగలి కర్రు గీసుకపోలేదా అమ్మా, నువ్వే పసుపు వెట్టి గుడ్డ గట్టినవ్ గదనే" అన్నాడు. ఆ తర్వాత అవతలి నుంచి మాట రాలేదు, వాకిట్లో జనం గోల వినిపించింది. గోడ మీద గడియారం చూశాను. ఒంటిగంట దాటి పది నిమిషాలైంది. ఆమె మూడు గంటల సేపు కొడుకు లేని తల్లిగా ఉంది.

నేను అంతకంటే ఎక్కువగా మరిచిపోలేనిది రెండో ఇల్లు. చనిపోయిన సిపాయి ఇంటికి తహసీల్దారు, పోలీసులు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. అదే సమయంలో ఆ టీవీ చానల్ తన తప్పును సరిదిద్దింది గానీ, కొత్త ఊరి పేరు వేయకుండా పాత ఊరి పేరును మాత్రం తీసేసింది. మేము సవరణ నోటు పంపాం. అందులో తండ్రి పేరు, ఊరు, మండలం అన్నీ నా చేత్తో రాశాను, మరునాడు పత్రికల్లో సరిగానే వచ్చాయి. మూడు నెలల తర్వాత సెలవు మీద వచ్చినప్పుడు నేను ఆ ఇంటికి వెళ్లాను. తండ్రి నన్ను మంచం మీద కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, చాలాసేపు ఊరుకుని, చివరికి ఒక్కటే అడిగాడు: "టీవీల ఇంకో ఊరోళ్ల పిలగాడని జెప్పిన్రు సారు. మావోడు మా ఊరోడు గాదా?" క్షమించమని అడిగాను. ఆ తప్పులో నా వంతు ఎంతో కూడా దాచకుండా చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేదేమో.

మా అధికారి నన్ను శిక్షించలేదు గానీ, ఇకపై ఏ నోటు అయినా బయటికి వెళ్లే ముందు ఏం చూడాలో నువ్వే రాసి గోడకు అంటించు అన్నారు. నేను రాసింది పొడవైన జాబితా కాదు. పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం రికార్డుతో సరిపోవాలి. 'ఇంటికి తెలిసిందా' అని అడిగినప్పుడు 'తెలిసింది' అన్న జవాబు చాలదు, ఇంట్లో ఎవరికి, ఎవరు, ఎన్ని గంటలకు చెప్పారన్నది కావాలి. వైర్‌లెస్ సెట్టు మీద సందేశాన్ని తిరిగి చదివించుకున్నట్టే, నోటు అందుకున్నవారి చేత ఫోన్‌లో తిరిగి చదివించుకోవాలి. విలేకరులు మొదట్లో విసుక్కున్నారు. తర్వాత వాళ్లే "చదవమంటారా సార్" అని అడిగేవాళ్లు.

మాటల ఎంపిక విషయంలోనూ నేను అప్పటి నుంచి పట్టుదలగా ఉన్నాను. మంచు చరియలు విరిగిపడి కనిపించకుండా పోయిన జవాన్ల గురించి మన పత్రికలు 'గల్లంతు' అని రాస్తాయి. వాగులో కొట్టుకుపోయినవాళ్లకు వాడే ఆ మాట వినగానే మన ఇళ్లల్లో ఆశ వదులుకుంటారు. అందుకని 'ఆచూకీ తెలియలేదు, గాలింపు కొనసాగుతోంది' అని రెండు ముక్కలుగా రాసేవాణ్ని. నేను పదవీ విరమణ చేసిన తర్వాత, 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తున ఉన్న సోనమ్ పోస్టు మీద మంచు విరుచుకుపడి, 19వ మద్రాస్ బెటాలియన్‌కు చెందిన పదిమంది కూరుకుపోయారు. వారిలో మన కర్నూలు జిల్లా సిపాయి కూడా ఉన్నాడు. పదిమందీ చనిపోయారనే మరునాడు ప్రకటించారు. ఆరో రోజున లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్ ఆ మంచు కింద ప్రాణాలతో దొరికాడు, ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో కన్నుమూశాడు. అంతటి మంచు కింద మనిషి బతికి ఉంటాడని ఎవరూ అనుకోలేరు, ప్రకటించినవారిని నేను తప్పుపట్టను. కానీ ధార్వాడ జిల్లాలోని ఆ ఇంట్లోవాళ్లు రెండుసార్లు ఆ కబురు వినవలసి వచ్చిందని తలచుకున్నప్పుడల్లా, ఆ మోకాలి మచ్చ గురించి అడిగిన తల్లి గొంతు నా చెవిలో వినిపించింది.

'అమరుడు' అన్న మాట గురించి కూడా చెప్పాలి. ప్రభుత్వం, సైన్యం తమ కాగితాల్లో ఆ అర్థం వచ్చే మాటను వాడవు. విధి నిర్వహణలో ప్రాణాలు కోల్పోయారు అనే రాస్తాయి. చాలామంది దీన్ని నిర్లక్ష్యంగా భావించి నాతో వాదించారు. నా అభిప్రాయంలో నోటు పని జరిగినదాన్ని జరిగినట్టు చెప్పడం, గౌరవించే మాట ఊరు పలకాలి. ఊరు 'అమరుడు' అన్నప్పుడు అందులో ఉండే బరువు ప్రభుత్వ ముద్ర వేసిన కాగితంలో ఉండదు.

2020 జూన్ 16న నేను నల్లగొండలో మా ఇంట్లో ఉన్నాను. గల్వాన్ లోయలో ముందు రాత్రి జరిగిన ఘర్షణ గురించి మధ్యాహ్నం సైన్యం ప్రకటన వచ్చింది: ఒక అధికారి, ఇద్దరు జవాన్లు. రాత్రికి మరో ప్రకటన వచ్చింది. తీవ్రంగా గాయపడి, గడ్డకట్టే చలిలో ఉండిపోయిన మరో 17 మంది కూడా మరణించారని, మొత్తం 20 మంది అని. మధ్యాహ్నం చెప్పిన ఆ అధికారి మన సూర్యాపేట బిడ్డ, 16వ బిహార్ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్, కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు. ఆ రెండు ప్రకటనల మధ్య ఎన్ని ఫోన్లు వెళ్లి ఉంటాయో, ఎంతమంది ఎక్స్‌ఛేంజ్‌ల ముందు కూర్చుని ఉంటారో నేను లెక్కవేసుకుంటూ ఉండిపోయాను. 18న కేసారంలో అంత్యక్రియలు జరిగాయి. కరోనా రోజులు కాబట్టి నేను టీవీలోనే చూసి, లేచి నిలబడి సెల్యూట్ చేశాను. మరుసటి ఏడాది ఆయనకు మహావీర్ చక్ర ప్రకటించారు, సూర్యాపేటలో విగ్రహం పెట్టారు.

ఆ విగ్రహం చూసి వచ్చిన పాలమూరు కుర్రవాళ్లు కొందరు, 2005లో చనిపోయిన తమ ఊరి సిపాయికి బడి ముందు ఒక శిలాఫలకమైనా పెట్టాలనుకున్నారు. అక్షరాలు ఏం చెక్కించాలో రాసివ్వమని తండ్రి నా పేరు చెప్పాడట. నేను వెళ్లేసరికి జిల్లా విషయంలో వాదన నడుస్తోంది. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి కాబట్టి ఆ ఊరు ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో లేదు, నాగర్‌కర్నూల్‌లో ఉంది. కుర్రవాళ్లు కొత్త జిల్లా పేరు వేద్దామన్నారు. తండ్రి తన కొడుకు ఏ జిల్లా నుంచి పోయాడో ఆ జిల్లానే ఉండాలన్నాడు. సైన్యం రికార్డులో ఎలా ఉందో అలా చెక్కిద్దామని, కింది వరుసలో ఇప్పటి జిల్లా వేద్దామని నేను చెప్పాను, అందరూ ఒప్పుకున్నారు.

ఆవిష్కరణ రోజు సర్పంచ్ నా చేతికి మైకు ఇచ్చి, రాయి మీద ఉన్నది చదవమన్నాడు. తండ్రికి చదువు రాదు. ఆయన ముందుకొచ్చి నల్లరాతి మీద తెల్ల అక్షరాలను వేలితో తడుముతూ నా పక్కన నిలబడ్డాడు. నంబరు అంకె అంకె విడదీసి చదివాను. హోదా, కొడుకు పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం, జిల్లా, రెజిమెంట్, తేదీ చదివాను. మైకు కిందికి దించబోతుంటే ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"మల్లొక్కసారి సదువు సారు, ఊరి పేరు కాడికెల్లి."

మళ్లీ చదివాను.